తెల్లగా మిగిలిన సీసా

2094 మార్చి 11, గురువారం. ఉదయం 8.40

బడి పలక ఈ రోజు నా అంకెను మూడుసార్లు తిప్పికొట్టింది. ఈ పుస్తకం మొదలుపెట్టడానికి కారణం అదే. "విలువ సరికాదు, మళ్ళీ కొలవండి" అంది. మళ్ళీ కొలిచాను. అదే అంకె వచ్చింది. పలక అదే మాట అంది. నాకు డెబ్భై ఒక్క ఏళ్ళు. అందులో నలభై నాలుగేళ్ళు పిల్లలకు సముద్రాన్ని కొలవడం నేర్పాను. ఇప్పుడు అరచేతి వెడల్పు గాజుపలకతో వాదించే ఓపిక లేదు. కాగితం రాసింది రాసినట్టు ఉంచుకుంటుంది. అందుకని పెన్సిల్ తీశాను.

నా పేరు మైలపల్లి అప్పలకొండ. మెరకవలస సముద్ర బడి టీచర్ని. బడిలో పద్నాలుగు మంది పిల్లలు. రోజూ ఉదయం ఆరు గంటలకు, వంతుల ప్రకారం ఇద్దరు పిల్లలు జెట్టీ చివరికి వెళ్ళి, ఐదు బారల లోతు నుంచి నీళ్ళు తోడి, అందులో ఆక్సిజన్ ఎంతుందో చేత్తో కొలిచి పలకలో వేస్తారు. ఈ పని పదకొండేళ్ళుగా ఒక్క రోజు కూడా ఆగలేదు. తుపాను రోజులు పోను.

ఈ రోజు వంతు నా మనవరాలు వీచికది, బంగారిది. జెట్టీ స్తంభాల నిండా పీతలు. నీటిని వదిలి కర్ర మీదికి ఎగబాకి, ఒకదాని మీద ఒకటి వేలాడుతున్నాయి. పిల్లలకు పండగే. "మామ్మా, చేత్తోనే తీసుకోవచ్చు!" అంటూ వీచిక బుట్ట కోసం ఇంటికి పరిగెత్తింది. బంగారి గౌనునే బుట్ట చేసుకుంది. కొలత మానకూడదు కనుక నేనే తాడు వేసి నీళ్ళు తోడాను.

ఐదు బారల దగ్గర: లీటరుకు 2.3 మిల్లీగ్రాములు. రెండోసారి 2.3. మందులు పాతబడ్డాయేమోనని కొత్తవి కలిపి మూడోసారి చేశాను. 2.2. అవే మందులతో పైనీటిని కొలిస్తే 6.5 వచ్చింది. అంటే మందుల్లో లోపం లేదు. అడుగు నీటి వేడి 23.1 డిగ్రీలు, పైన 27.4.

అడుగు నుంచి చల్లనీరు లేచి ఒడ్డుకు వచ్చింది. ఆ నీటిలో ఊపిరి ఉండదు. పీతలకు ఆ సంగతి తెలిసే పైకి వచ్చాయి.

కావలి మాత్రం ఈ ఉదయం కూడా 5.9 అని, "పచ్చ" అని ప్రతి ఇంట్లోని కూతపెట్టెలోనూ కూసింది. కావలి అంటే సముద్రంలో మేం చేపలు పెంచే పంజరాల పక్కన తేలే పసుపు పీపా. దాని కింద ఐదు బారల లోతులో ఆక్సిజన్ కొలిచే సెన్సర్ వేలాడుతుంది. ఊరు ఆ కూత విని పొయ్యి వెలిగిస్తుంది, ఆ కూత విని పడవ దింపుతుంది. పచ్చ అంటే భయం లేదు. పసుపు అంటే జాగ్రత్త. ఎరుపు అంటే పంజరాల వలలు పైకెత్తాలి.

నలభై పంజరాలు. ఒక్కోదానిలో సుమారు పదకొండు వందల పండుగప్పలు. వలలు ఐదు బారల లోతు దాకా వేలాడుతున్నాయి. ఏప్రిల్ ఒకటి నుంచి ఐదు నెలలు వేట నిషేధం. ఆ ఐదు నెలలూ రెండు వందల పన్నెండు ఇళ్ళకు పంజరాల్లోని చేపే కూర. ఆక్సిజన్ మూడు కిందికి పోతే చేప మేత ముట్టదు. రెండు కిందికి పోతే చావడం మొదలవుతుంది.

నిన్న పిల్లలు పలకలో వేసిన అంకె 5.8. ఒక్క రోజులో ఇంత పడిపోతుందా? ఇది తేల్చాలి.

మార్చి 12, శుక్రవారం. ఉదయం 10.15

అడుగు నీరు 2.2. కావలి 5.8, పచ్చ.

పంజరాల సంఘం పెద్ద ఎర్రయ్య దగ్గరికి వెళ్ళాను. మా ఆయన తమ్ముడే. తాళ్ళు పేనుకుంటూ కూర్చున్నాడు. నా అంకెలు చదివి వినిపించాను. వలలు రెండు బారల దాకా ఎత్తమన్నాను. తల ఎత్తకుండానే అన్నాడు:

"వదినా, నీ సీసాలో రంగు సూసి నలభై వలలు ఎత్తీమంతావేటి? కావలి పచ్చంతంది."

"కావలి తప్పు చెబుతోంది."

"మూడేళ్ళ కిందట నువ్వు ఎత్తమంతే ఎత్తినాం కాదా? ఏటయింది? పైనీళ్ళ వేడికి, ఇరుక్కి, మూడు వేల సేపలు మగ్గిపోనాయి."

"రెండు వేల ఎనిమిది వందల డెబ్భై."

"అదిగో! సచ్చిన సేపలకి కూడా ఒకట్ల లెక్క కావాల నీకు." అక్కడున్న నలుగురూ నవ్వారు. అతను నవ్వలేదు. "ఆ సేపల కంపు నెల్లాళ్ళు పోలేదు వదినా. ఆ తర్వాతే తీర్మానం రాసుకున్నాం. ఎరుపు కూత వొస్తేనే వల ఎత్తాల. నువ్వూ సంతకం పెట్టినావు."

పెట్టాను. 2091 జూన్ 6న. నా సంతకం కింద తేదీ కూడా నేనే వేశాను.

"నీ బడి గుంటలు రోజూ కొలుస్తన్నారు కదా. ఆళ్ళ అంకె ఏటంతంది?" అని అడిగాడు.

పిల్లల అంకె చెప్పక తప్పలేదు. "5.8."

"మరింకేటి? నువ్వు నేర్పిన గుంటలే నీ మాట కాదంతన్నారు" అని మళ్ళీ తాడు అందుకున్నాడు.

ఇంటికి వస్తూ దారి పొడుగునా పళ్ళు కొరుక్కున్నాను. తీర కేంద్రానికి ఉత్తరం పంపాను. పదకొండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "మీ సమాచారానికి ధన్యవాదాలు. మీ ప్రాంతంలో కావలి సక్రమంగా పనిచేస్తోంది." రాసింది మనిషి కాదు. మనిషికి పదకొండు నిమిషాలు పట్టవు, పదకొండు రోజులు పడతాయి.

మార్చి 13, శనివారం. సాయంత్రం 5.30

అడుగు నీరు 2.0.

ఈ రోజు సముద్ర ప్రదర్శన. ఏడాదికొకసారి తీర కేంద్రం వాళ్ళు వచ్చి ఊరికి సముద్రం గురించి చెబుతారు. ఈసారి ప్రణీత్ అనే కుర్రవాడు వచ్చాడు. ఇరవై ఆరేళ్ళుంటాయి, మర్యాదస్థుడు. బడి ఆవరణలో గుడారం వేసి, పిల్లల కళ్ళకు అద్దాలు తగిలించి, తిమింగలాన్ని చూపించాడు. గుడారానికి నూట అరవై అడుగుల దూరంలో అసలు సముద్రం ఉంది. అటు ఎవరూ చూడలేదు.

బంగారి అద్దాల లోపలి నీళ్ళలోకి చెయ్యి చాపి, "సారూ, ఈ నీళ్ళు సల్లగున్నాయా, ఎచ్చగున్నాయా?" అని అడిగింది.

"అది నెక్స్ట్ వెర్షన్‌లో వస్తుందమ్మా" అన్నాడు ప్రణీత్.

"అయితే ఇవి నీళ్ళు కావు" అని అద్దాలు తీసి ఇచ్చేసింది. బంగారికి పన్నెండేళ్ళు. పుస్తకం మీద నూనె మరకలు, ఉప్పు మరకలు లేకుండా ఎప్పుడూ తేదు. ఈ ఏడాది ఆ పిల్లకు నేను ఇచ్చిన అత్యధిక మార్కులు పదికి నాలుగు. ఈ మాటకు మాత్రం లోపల్లోపల పది వేశాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ప్రణీత్‌ను పక్కన కూర్చోబెట్టుకుని నా అంకెలు చూపించాను. అతను పరీక్షగా చూశాడు. వినే మనిషి దొరికాడని సంతోషించాను.

"మీరు చేసిందాంట్లో తప్పేమీ కనిపించట్లేదండి. కానీ మేడమ్, కావలిని నమ్మకపోవడానికి వీల్లేదు. ప్రతి శనివారం అది తనను తాను సరిచేసుకుంటుంది కదా."

"దేన్ని చూసి?"

అతను ఆశ్చర్యంగా చూశాడు. "మీ పిల్లల రీడింగులు చూసేనండి. ఆరు రోజుల సగటు తీసుకుంటుంది. సెన్సర్ మీద గుల్లలూ నాచూ పట్టి అంకె జరిగిపోతుంటుంది. చేత్తో కొలిచిన అంకె ఉంటే దాన్నిబట్టి వెనక్కి లాక్కుంటుంది. జిల్లాలో మీ బడే ఫస్టండి. మీ రీడింగులు కావలితో నూటికి తొంభై ఎనిమిది పాళ్ళు కలుస్తాయి. మా ట్రైనింగులో మీ బడి పేరే చెబుతాం."

నేను చెయ్యి కడుక్కోవడానికి లేచాను. అన్నం సగమే తిన్నాను.

తొంభై ఎనిమిది. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు ఊగే జెట్టీ మీద నిలబడి, గాలికి ఎగిరే జుట్టు ఒక చేత్తో పట్టుకుని సీసాలో పడే మందు చుక్కలు లెక్కపెడితే, కావలితో నూటికి ఎనభై కలిస్తే గొప్ప. తొంభై ఎనిమిది కొలిస్తే రాదు. చూసి రాస్తే వస్తుంది.

ఈ లోపల వీచిక పలకలో ఈ వారం మిగిలిన అంకెలు కూడా వేసేసింది. నేను అతిథుల గొడవలో ఉన్నాను. నాలుగు గంటలకు కావలి తనను తాను సరిచేసుకుని, పచ్చ అని కూసింది.

మార్చి 14, ఆదివారం. ఉదయం 11.00

అడుగు నీరు 1.9.

పద్నాలుగు మంది చిత్తు పుస్తకాలూ తెప్పించాను. పదమూడింటిలో అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. 5.8, 5.8, 5.9, 5.8. కొట్టివేత ఒక్కటీ లేదు. ఈ పుస్తకాలకే నేను పదికి పది వేస్తూ వచ్చాను.

పద్నాలుగోది బంగారిది. మొదటి పేజీ మీద చేపనూనె చేతి ముద్ర. ఫిబ్రవరి 11న 5.1. 18న 4.4. 25న 3.6. మార్చి 4న 2.9. ప్రతి అంకె కిందా నా ఎర్ర గీత. "అజాగ్రత్త. మళ్ళీ చేయాలి." అక్షరాలు నావే. చక్కగా ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం రాసి తీరాలి, నాకు నేను తప్పించుకోకుండా. సీసా నింపేటప్పుడు అజాగ్రత్తగా ఉంటే ఏమవుతుంది? గాలిబుడగ లోపల ఉండిపోతుంది. బయటి గాలి కలిస్తే అంకె పెరుగుతుంది. తగ్గదు. చేతకాని పిల్ల తప్పు చేస్తే ఎక్కువ రావాలి గానీ తక్కువ రాకూడదు. ఇది నేను మొదటి నెలలోనే నేర్పే పాఠం. తక్కువ అంకె కింద "అజాగ్రత్త" అని నెల రోజులపాటు రాసిన టీచరు ఆ పాఠం మరిచిపోయింది.

ఉష్ణోగ్రత వరుస చూశాను. అందరి పుస్తకాల్లోనూ నిజమే ఉంది. 26.8, 25.9, 24.7, వరుసగా దిగుతోంది. ఆ వరుసకు మార్కులు లేవు కనుక ఎవరూ దాన్ని దిద్దలేదు. మార్కులు లేవు కనుక నేనూ చూడలేదు.

బంగారిని పిలిచాను. గుమ్మం దగ్గరే నిలబడింది, తిట్టడానికి పిలిచాననుకుని.

"నీ అంకె పలక ఒప్పుకోలేదు కదా. మరి పలకలో ఏం వేశావు?"

"నానేటీ ఎయ్యలేదు టీచరమ్మా. ఈచికక్క ఏసీసింది."

"మరి నువ్వు అందరిలా కావలి అంకె ఎందుకు రాసుకోలేదు?"

"మాయింట్లో కావలి కూత పాడైపోనాది. రిపేరు సెయ్యలేదు. నాకేది వొస్తే అదే రాసీసినాను." నా చేతిలోని పుస్తకం చూసి, "ఇప్పుడూ మళ్ళీ సెయ్యాలా టీచరమ్మా?" అంది.

అక్కర్లేదన్నాను.

వీచిక పెరట్లో సీసాలు కడుగుతోంది. పదమూడేళ్ళు. తరగతి నాయకురాలు. ఆమె చేతిలో సీసా ఎప్పుడూ పగలలేదు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

దేని గురించో ఆమె అడగలేదు. "దీపావళి ముందు నుంచి."

"ఎందుకు?"

"పలక ఒప్పుకోదు మామ్మా. కావలికీ మా అంకెకీ ఒకటి కంటే ఎక్కువ తేడా ఉంటే తోసేస్తాది. మళ్ళీ చేస్తాం. మళ్ళీ తోసేస్తాది. ఏడున్నరకి బడి గంట. లేటయితే నువ్వు బయట నిలబెడతావు. నిజం అంకె రాస్తే ఎర్ర గీత పెడతావు." సీసా బోర్లించి పెట్టింది. "మొదట ఒక్క రోజే చేశాం. నువ్వు పదికి పదేసి, చూడండర్రా, ఇలా ఉండాలి అని అందరికీ చూపించావు."

"నాతో చెప్పవచ్చు కదా."

"చెప్పాను. నవంబరులో. చెయ్యి కుదురుగా పెట్టి చెయ్యమన్నావు."

గుర్తు లేదు. కానీ ఆ మాట నాదే. రోజుకు ఆరుసార్లు అంటాను.

మార్చి 15, సోమవారం. మధ్యాహ్నం 1.30

అడుగు నీరు 1.7. కావలి 5.8, పచ్చ.

సంగతి ఇప్పుడు పూర్తిగా అర్థమైంది. పిల్లలు కావలిని చూసి రాశారు. కావలి పిల్లలను చూసి తనను సరిచేసుకుంది. పరీక్షలో పక్కపక్కన కూర్చుని, ఒకరి కాగితం ఒకరు చూసి రాసి, ఇద్దరికీ ఒకటే జవాబు వచ్చిందని ధీమాగా ఉన్న ఇద్దరు మొద్దుల్లాంటి వ్యవహారం. ఇద్దరిలో ఎవరూ సముద్రం వైపు చూడలేదు.

ఒకటి కంటే ఎక్కువ తేడా ఉంటే తోసేసే ఆ నిబంధన పెట్టిన బుద్ధిమంతుడెవడో తెలుసుకుని కడిగిపారేద్దామని పాత ఫైళ్ళు తీశాను. 2089 ఆగస్టు 21 నాటి ఉత్తరం దొరికింది. "పిల్లలు ఇష్టం వచ్చినట్టు అంకెలు వేస్తున్నారు. కావలి అంకెకు ఒకటికి మించి తేడా ఉన్న విలువను పలక స్వీకరించకుండా చేయవలసిందిగా కోరుతున్నాను." సంతకం: మై. అప్పలకొండ.

ఉత్తరాన్ని ఫైల్లో మళ్ళీ దాని స్థానంలో పెట్టాను.

పది గంటలకు పంజరాల వైపు నుంచి కేకలు. ముప్ఫై ఒకటి నుంచి ముప్ఫై తొమ్మిది దాకా లోతు వైపు ఉన్న పంజరాల్లో పండుగప్పలు నీటి మీద నోళ్ళు తెరుచుకుని తేలుతున్నాయి. ముప్ఫై ఆరులో అప్పటికే తెల్లటి పొట్టలు కనిపిస్తున్నాయి. జెట్టీ మీద ఓ అరవై మంది చేరారు. కావలి పచ్చ అంటుంటే చేప ఎందుకు చస్తోందో తెలియక ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. మేత పాడైందని ఒకరు, ఎవరో మందు కలిపారని ఇంకొకరు.

ఎర్రయ్య నన్ను చూసి, "వొచ్చినావా వదినా? సెప్పు. సెప్తే ఇనలేదని సెప్పీ" అన్నాడు.

"ముందు ఇంకో మాట చెప్పాలి" అన్నాను. గొంతు పెంచి అందరికీ వినపడేలా చెప్పాను. బడి అంకెలు దీపావళి ముందు నుంచి తప్పు. కావలి ఆ తప్పు అంకెలతోనే తనను దిద్దుకుంటోంది. పిల్లలను తప్పు పట్టకండి. నిజం రాసిన పిల్లకు నేను ఎర్ర గీత పెట్టాను. పలకలో ఆ నిబంధన పెట్టించింది నేనే.

తర్వాత ఎర్రయ్య అడిగిన ప్రశ్న న్యాయమైనది. "గుంటల అంకె అబద్ధం. కావలి అంకె అబద్ధం. మరి నీ అంకె నిజమని నానెలాగ నమ్మాల?"

"నమ్మక్కర్లేదు. నువ్వే కొలువు" అని సీసా అతని చేతికిచ్చాను.

"నానా? నాకేటి తెల్సు?"

"బంగారి చెబుతుంది."

పిల్లలు రెండు పెట్టెల సీసాలూ మందులూ మోసుకొచ్చారు. ఎర్రయ్య తన తాడుతో, తన చేత్తో, ఐదు బారల నుంచి నీళ్ళు తోడాడు. అరవై మందీ మూగారు. అతను సీసా నింపి మూత పెట్టబోతే బంగారి పట్టుకుంది.

"బుడగున్నాది తాతా. ఒంపీసి మళ్ళీ నింపండి."

"సిన్న బుడగే."

"సిన్నదైనా ఊపిరే తాతా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎర్రయ్య ఒంపేసి మళ్ళీ నింపాడు. మూడోసారికి గానీ బంగారి ఒప్పుకోలేదు. ఆ పిల్ల ఇంత ఖచ్చితంగా ఉండటం నేను ఎప్పుడూ చూడలేదు. అసలు ఆ పిల్లను నేను ఎప్పుడూ చూడలేదు, మరకలనే చూశాను.

వీచిక ఇంకో సీసాలో పైనీళ్ళు నింపింది. రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి, అందరికీ చెప్పాను: రెండు మందులు వేస్తే మడ్డి దిగుతుంది. నీటిలో ఊపిరి ఉంటే ఆ మడ్డి గోధుమరంగుకు తిరుగుతుంది. లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. అంకె అక్కర్లేదు. కళ్ళు చాలు.

పైనీళ్ళ సీసాలో మందులు పడగానే చిక్కటి టీ రంగు దిగింది. ఎర్రయ్య తన సీసాలో మందులు వేశాడు. మొదటిది, రెండోది. మూత పెట్టి, బంగారి చూపించినట్టు తలకిందులు చేసి, మళ్ళీ తిప్పి, కళ్ళ ముందు పెట్టుకున్నాడు.

తెల్లగా ఉంది. మజ్జిగ తేటలో విరుగు తేలినట్టు తెల్లగా. ఎంతసేపు చూసినా గోధుమ జీర ఒకటి లేతగా మెదిలిందే గానీ, రంగు తిరగలేదు.

"ఇంకోటి ఇవ్వు" అన్నాడు. ఇంకో చోట తోడాడు. అదీ తెల్లనే. అప్పుడు ఒకరి తర్వాత ఒకరు సీసాలు అడిగారు. పెట్టెల్లో ఉన్న ఇరవై రెండు సీసాలూ అయిపోయాయి. ఐదు బారలవి పద్దెనిమిది, అన్నీ తెల్లగా. పైనీళ్ళవి నాలుగు, నాలుగూ గోధుమ. జెట్టీ పలకల మీద వరుసగా నిలబెట్టారు.

ఆ సమయంలోనే ప్రతి ఇంట్లోనూ కావలి మధ్యాహ్నపు కూత కూసింది: పచ్చ.

ఎర్రయ్య సీసా కింద పెట్టాడు. "తీర్మానం తర్వాత సూద్దాం. తాళ్ళట్టండి. లోతేపు నుంచి మొదలెట్టండి. బేగి!"

నేను ఒక్కటే అడ్డం పడ్డాను. రెండు బారల కంటే పైకి ఎత్తొద్దన్నాను. ఎత్తిన ప్రతి పంజరంలోనూ సగం చేపను, సంఘం దగ్గరున్న ఖాళీ వలలు పక్కన కట్టి వాటిలోకి మార్చమన్నాను. మూడేళ్ళ కిందట ఇరుక్కే చచ్చాయి. ఆ లెక్క నా దగ్గర ఉంది.

"ఉంతాది. నీ దగ్గర ఉండక ఎక్కడుంతాది!" అని ఎర్రయ్య పడవెక్కాడు.

మార్చి 16, మంగళవారం. సాయంత్రం 6.10

అడుగు నీరు 1.4. రెండు బారల దగ్గర 4.6.

నిన్న సాయంత్రానికి పదిహేడు వలలు ఎత్తారు, ఈ రోజు పద్నాలుగు. మొత్తం ముప్ఫై ఒకటి. ఆడవాళ్ళూ మగవాళ్ళూ చేతులు బొబ్బలెక్కేలా లాగారు. మిగిలిన తొమ్మిదీ లోతు వైపువి. ముందు వాటి దగ్గరికే వెళ్ళినా, చేరేసరికి లోపల ఎత్తడానికి ఏమీ మిగల్లేదు.

బడి పెట్టలేదు. పిల్లలు చచ్చిన చేపలను లెక్కపెట్టారు. వంద అయినప్పుడల్లా తాడుకు ఒక ముడి. నేను ఎవరినీ దిద్దలేదు. తొంభై ఆరు ముళ్ళు, పైన నలభై. తొమ్మిది వేల ఆరు వందల నలభై చేపలు.

మొన్న శుక్రవారమే ఎత్తి ఉంటే ఎన్ని బతికేవి? ఫిబ్రవరి 25న బంగారి అంకె కింద ఎర్ర గీత పెట్టకుండా ఆగి ఉంటే? ఈ రెండో లెక్క వేయడం నాకు వచ్చు. వేశాను. ఇక్కడ రాయాలంటే చెయ్యి రావడం లేదు. అయినా రాయకుండా వదిలే అలవాటే ఇంత దాకా తెచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఒక్కటీ చచ్చేది కాదు.

ఎర్రయ్య బడి గుమ్మం దాకా వచ్చి, సీసా ఒకటి తిరిగి ఇచ్చాడు. కడిగి తెచ్చాడు. "వదినా, శుక్రవారం నాను నవ్వలేదు గానీ, నవ్వినోళ్ళని ఆపనూ లేదు" అన్నాడు. అంతే. వెళ్ళిపోయాడు.

ప్రణీత్ ఫోన్ చేశాడు. కావలి సెన్సర్ విప్పడానికి 21న వస్తాడట. "మేడమ్, మరి మీ బడి పేరు ట్రైనింగులో ఏం చెప్పమంటారు?" అని అడిగాడు, నొచ్చుకుంటానేమోనని నెమ్మదిగా. చెప్పమన్నాను. ఇంకా గట్టిగా, ఉత్తరం తేదీతో సహా చెప్పమన్నాను.

మార్చి 17, బుధవారం. ఉదయం 9.00

అడుగు నీరు 1.6. కొలిచింది వేరే ఇద్దరు పిల్లలు. వాళ్ళ మొదటి అంకె 1.6, రెండోది 1.9, మూడోది 1.5. మూడూ రాశారు. ఏది ఉంచాలని అడిగారు. మూడూ ఉంచమన్నాను. నమ్మలేనట్టు చూశారు.

ఇక జరగవలసినవి:

1. ఉదయపు కొలత ఇకమీదట కావలి మొదటి కూతకు అరగంట ముందు, అయిదున్నరకు జరగాలి. ఎదుటివాళ్ళ జవాబు వినకముందే మన జవాబు రాయాలి.

2. పలకలోని నిబంధన తీసేయమని తీర కేంద్రానికి ఈ రోజే ఉత్తరం పంపాలి. పెట్టమని అడిగింది నేనే కనుక ఆ పాత ఉత్తరం నకలు జతచేయాలి. మనిషి జవాబు వచ్చేదాకా వారానికొకటి పంపుతూనే ఉండాలి.

3. సెన్సర్ శుభ్రమయ్యేదాకా పచ్చ కూతను ఊళ్ళో ఎవరూ లెక్కలోకి తీసుకోకూడదు. బంగారి ఇంట్లో కూతపెట్టె రిపేరు తొందరేమీ లేదు.

4. ఐదు బారల దగ్గర మూడు రోజులు వరుసగా నాలుగు దాటితేనే వలలు దించాలి. ఆ మాట నేను చెప్పను. ఎర్రయ్య తన సీసా చూసుకుని చెప్పాలి.

5. నలభై పంజరాలకు నలభై సీసాలు. పంజరానికి ఒకరు చొప్పున గురువారం గురువారం జెట్టీ మీద నేర్చుకోవాలి. నేర్పేది బంగారి. నేను వెనక కూర్చోవాలి, నోరు మూసుకుని.

6. చేప పోయిన తొమ్మిది పంజరాల కింద నలభై ఎనిమిది ఇళ్ళున్నాయి. నిషేధం ఐదు నెలలూ మిగిలిన ముప్ఫై ఒకటి నుంచి వాళ్ళకు వాటా అందాలి. సంఘం ఆదివారం కూర్చుంటుంది. నేను లెక్క పట్టుకుని వెళ్ళాలి.

7. శుభ్రతకు మార్కులు రద్దు. కొట్టివేతలున్న చిత్తు పుస్తకమే ఇక అసలు పుస్తకం. బంగారి పుస్తకంలో నా ఎర్ర గీతలు నాలుగు. వాటిని తరగతి ముందు, ఒక్కొక్కటిగా, నేనే కొట్టేయాలి.

8. వీచిక మూడు రోజులుగా అడిగినదానికే జవాబు చెబుతోంది. ఆమె చేసింది తప్పు. ఆ తప్పు నేర్పింది ఎవరో ఆమెకు నా నోటితో చెప్పాలి. రేపు వంతు ఆమెది. అయిదున్నరకు, జెట్టీ చివర, తాడు నీళ్ళలోకి వదలకముందే చెప్పాలి. తర్వాత ఆమె ఏ అంకె చెప్పినా, మళ్ళీ చెయ్యమనకుండా రాసుకోవాలి.